స్కేటింగ్ వీల్స్ సెట్టు కొనేవాళ్లు జాగ్రత్త: "ఏబెక్ 11" అనేది లేనే లేదు

బెజవాడలో పిల్లల్ని స్కేటింగ్‌కి పంపే అమ్మానాన్నలకి ఈ పోస్టు. సమ్మర్ క్యాంపులు మొదలయ్యేలోపు చదివేయండి.

మా పాప ఇన్‌లైన్ స్కేట్స్‌కి వీల్స్ అరిగిపోయాయి. ఎల్లెన్ కీ ఉంటే మార్చడం ఇంట్లోనే అయిపోతుంది, ఎప్పుడూ నేనే చేస్తాను. ఊళ్లోనే ఒక స్పోర్ట్స్ షాపులో 8 వీల్స్, 16 బేరింగులు కలిపిన సెట్టు తీసుకున్నాం. డబ్బా మీద పీయూ (పాలీయురేథేన్) వీల్స్, 85ఏ (వీల్ గట్టిదనం కొలత), ఏబెక్ 11 (బేరింగు గ్రేడట) అని రాసుంది. షాపాయన ఒక వీల్ వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూపించాడు. ఆగితే ఒట్టు!

ఆ తిరుగుడే మోసం. లోపల గ్రీజు లేదు, పల్చటి నూనె చుక్క వేసి ఉంచారు. చేతిలో అయితే జోరుగా తిరుగుతుంది. మనిషి బరువు పడ్డాక వారం తిరక్కుండానే గరగరమని మొదలెట్టాయి. విప్పితే తుప్పు. వీల్ లోపల రెండు బేరింగుల మధ్య ఉండాల్సిన స్పేసర్లు (చిన్న గొట్టాలు) అసలు ఇవ్వనే లేదు. అవి లేకుండా బోల్టు బిగిస్తే బేరింగు పట్టేస్తుంది, వదులు చేస్తే వీల్ ఊగుతుంది. వీల్స్ సంగతి ఇంకా ఘోరం. అవి పీయూ కాదు, గట్టి పీవీసీ. మలుపులో పట్టులేక పాప జారి పడింది. మోచేతికి ప్యాడ్ ఉండబట్టి సరిపోయింది.

ఏబెక్ అంటే బేరింగు కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చెప్పే అమెరికా గ్రేడు. 1, 3, 5, 7, 9, అంతే. 11 అని కనిపిస్తే డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేయండి.

తిరిగి ఇవ్వబోతే "వాడిన సరుకు తీసుకోం మేడమ్" అన్నాడు. వాడకుండా బాగోలేదని ఎలా తెలుస్తుందో ఆయనే చెప్పాలి. బిల్లు ఉంది కాబట్టి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు.

ఈలోపు ఆటోనగర్‌లో బేరింగుల షాపుకి వెళ్లి 608 అని అడిగాం. స్కేట్‌కి పట్టేది అదే: లోపలి రంధ్రం 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. అందులో 'టూ ఆర్ఎస్' అడగండి. రెండు వైపులా రబ్బరు సీలు ఉంటుంది, మన దుమ్ముకి అదే నయం. గుండుసూదితో సీలు లేపి, కడిగి, మళ్లీ గ్రీజు పెట్టుకోవచ్చు. చేత్తో తిప్పితే నెమ్మదిగా తిరుగుతుంది, కంగారుపడకండి, అది గ్రీజు వల్లే.

వీల్స్ కోచ్ గారి ద్వారా తెప్పించాం. షాపులోనే కొనాలంటే ఒకటి నేల మీదకి వదిలి చూడండి. పీయూ బాగా ఎగురుతుంది, పీవీసీ టక్కుమని పడి ఊరుకుంటుంది. డబ్బా కౌంటర్ దగ్గరే విప్పించి స్పేసర్లు కూడా లెక్కపెట్టండి, 8 ఉండాలి.