నవలా రచనకు స్క్రివెనర్: రెండేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

గోదావరి జిల్లాకు చెందిన ఒక కుటుంబం కథను నవలగా రాయడం మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఉన్నవి ఒక పెద్ద వర్డ్ ఫైలు, రెండు నోటుపుస్తకాలు మాత్రమే. ముప్పై అధ్యాయాలు దాటేసరికి ఏ సంఘటన ఎక్కడ రాశానో వెతుక్కోవడంతోనే పూట గడిచిపోయేది. అప్పుడే పెద్ద రచనలు రాసుకోవడానికి పనికొచ్చే స్క్రివెనర్ అనే సాఫ్ట్‌వేర్‌కు మారాను. బ్రిటన్‌కు చెందిన లిటరేచర్ అండ్ లాటే సంస్థ దీన్ని 2007లో మాక్ కంప్యూటర్ల కోసం, తర్వాత విండోస్ కోసం విడుదల చేసింది.

ఇందులో ప్రతి సన్నివేశమూ విడి పత్రంగా ఉంటుంది. ప్రతి పత్రానికీ ఒక కార్డు ఉంటుంది, దాని మీద సన్నివేశ సారాంశం రాసుకోవచ్చు. కార్క్‌బోర్డు తెరిస్తే ఆ కార్డులన్నీ వరుసగా కనిపిస్తాయి, పట్టుకుని జరిపితే కథాక్రమం మారుతుంది. నా కథానాయిక పార్వతి ఉన్న పద్నాలుగు సన్నివేశాలకూ ఆమె చేసిన పనిని ఒక్కో వాక్యంలో రాసి చూసుకున్నాను. ‘విన్నది’, ‘చూసింది’, ‘ఏడ్చింది’, ‘మౌనంగా ఉండిపోయింది’ అన్నవి తప్ప, ఇరవై రెండో అధ్యాయం దాకా ఆమె తనంతట తాను నిర్ణయం తీసుకున్న కార్డు ఒక్కటీ లేదు. రెండు వందల పేజీలు రాసినా నాకు తెలియని ఈ లోపం ఒక్క తెరమీద బయటపడింది. ఆస్తి పంపకాల కాగితం మీద పార్వతి సంతకం పెట్టనని చెప్పే సన్నివేశాన్ని ఇరవై రెండో అధ్యాయం నుంచి తొమ్మిదో అధ్యాయానికి తెచ్చాను. అంతవరకూ ఊరికే జరుగుతున్నట్లున్న అన్నదమ్ముల తగవుకు దానితో కారణం దొరికింది.

తేదీల విషయంలోనూ మేలు జరిగింది. అవుట్‌లైనర్ అనే పట్టికలో మనకు కావలసిన గడులు చేర్చుకోవచ్చు. ఒక గడిలో సంఘటన జరిగిన తేదీని వేస్తూ వెళితే, పార్వతి పెళ్లి 1984 వేసవిలో జరిగినట్లు తేలింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది, అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. అంటే 1990లో జరిగే పంపకాలలో ఆమె సంతకం ఎవరికీ అక్కర్లేదు! పెళ్లిని 1986కు జరపకపోయి ఉంటే నవలకు మూలస్తంభమైన సన్నివేశమే నిలిచేది కాదు.

పాత్రల వివరాల కోసం ఇచ్చిన నమూనా పత్రం మాత్రం తెలుగు కుటుంబ కథకు సరిపోదు. వృత్తి, రూపం, స్వభావం, అలవాట్లు, అంతఃసంఘర్షణ వంటి శీర్షికలు అందులో ఉన్నాయి గానీ, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది లేదు. పార్వతికి బావగారైన మనిషి ఆమె పిల్లలకు పెదనాన్న. నా చిత్తుప్రతిలో ఒకచోట ఆమె చేత ‘అన్నయ్యగారూ’ అనిపించాను. నమూనాను మార్చుకునే వీలు ఉంది కనుక ‘పిలుపులు’ అని ఒక శీర్షిక చేర్చుకున్నాను, నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది అదే.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇది లేదు. రాసినదంతా ఒకే ప్రతిగా కూర్చే కంపైల్ విభాగం అలవాటు కావడానికి ఓపిక కావాలి. అచ్చుపనికి వాడే అను ఫాంట్లు ఉన్న ప్రెస్సుకు ఇవ్వాలంటే, కంప్యూటర్లలో, ఫోన్లలో మామూలుగా తెలుగు రాసే యూనికోడ్ పద్ధతి నుంచి మార్పిడి చేయించుకోవడం ఎలాగూ తప్పదు. చిన్న కథలు రాసేవారికి ఇంత సరంజామా అవసరం లేదని నా అభిప్రాయం.

ఒకసారి కొంటే నెలనెలా చందా కట్టనక్కరలేదు. ముప్పై రోజుల ఉచిత వాడకంలో సాఫ్ట్‌వేర్ తెరిచిన రోజులే లెక్కలోకి వస్తాయి కాబట్టి, వారాంతాల్లో మాత్రమే రాసేవారికి అది నెలల తరబడి వస్తుంది. ఇప్పటికే చిత్తుప్రతి ఉన్నవారు సన్నివేశాల మధ్య ఏదైనా ఒక గుర్తు పెట్టి, ‘ఇంపోర్ట్ అండ్ స్ప్లిట్’ ద్వారా లోపలికి తెచ్చుకుంటే అది విడి పత్రాలుగా విడిపోతుంది, కార్డుల మీద సారాంశాలు రాయడం ఆ రోజే మొదలుపెట్టవచ్చు.