అమెరికా కౌంటీ కోర్టు కట్టలు, పాత పేపర్లు: వంశ చరిత్ర పనిలో ఏది ఎంత పనికొస్తుంది

అమెరికాలో వంశ చరిత్ర వెతికేవాళ్ళలో ఎక్కువమంది జనాభా లెక్కల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 1850కి ముందు లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది, మిగతా కుటుంబమంతా అంకెలే. 1890 నాటి కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు అన్నీ పోయాయి. అంటే 1880 తర్వాత మళ్ళీ 1900లోనే మనిషి కనిపిస్తాడు. ఆ మధ్యలో పుట్టి, పెళ్ళయి వెళ్ళిపోయిన కూతురు ఏ లెక్కలోనూ దొరకదు. ఆమెను పట్టిచ్చేవి రెండే: కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు కాగితాలు, ఊరి వారపత్రిక. ఏళ్ళ తరబడి రెండూ వాడాక చెప్పగలిగేది ఇది: విడివిడిగా చూస్తే రెండూ సగం సగమే. పేపరు తేదీ ఇస్తుంది, కోర్టు చుట్టరికం ఇస్తుంది. అక్కడి కుటుంబాలతో వియ్యమందిన తెలుగు ఇళ్ళలో పిల్లలకు రెండోవైపు వంశవృక్షం రాసిపెట్టాలనుకునేవాళ్ళకు ఈ జంట తప్పనిసరి.

కోర్టు కాగితాల్లో మొదట అడగవలసింది ప్రొబేట్ కట్ట, అంటే పోయినవాళ్ళ ఆస్తిని కోర్టు ద్వారా తేల్చిన కాగితాలు. చాలామంది వీలునామా పుస్తకంలోని నకలు చూసి పని అయిపోయిందనుకుంటారు. అది గుమాస్తా తిరగరాసిన ప్రతి మాత్రమే. అసలు సరుకు విడి కాగితాల కట్టలో ఉంటుంది: ఆస్తి నిర్వహణకు పెట్టుకున్న అర్జీ, జామీను పత్రం, చరాస్తుల జాబితా, వేలంలో ఎవరు ఏ వస్తువు ఎంతకు కొన్నారో రాసిన పట్టీ, అప్పులవాళ్ళ బిల్లులు, చివరగా వాటాలు ముట్టినట్టు వారసులు ఇచ్చిన రసీదులు. ఈ రసీదులే బంగారం. పెళ్ళయిన కూతురు అత్తింటి పేరుతో, ఒక్కోసారి భర్తతో కలిసి సంతకం చేస్తుంది. జామీను ఇచ్చినవాళ్ళు తరచు బావమరిదో, పిల్లనిచ్చిన మామో అవుతారు కాబట్టి ఆ పేర్లు కూడా రాసుకోవాలి. మనిషి పోయిన ఏడాదితో వెతుకులాట ఆపకూడదు. చిన్న పిల్లలు మైనారిటీ తీరేదాకా, భార్య పోయేదాకా కాగితాలు పడుతూనే ఉంటాయి, 20 ఏళ్ళ వరకూ చూడాలి. చాలా రాష్ట్రాల్లో 14 ఏళ్ళు నిండిన పిల్లలు సంరక్షకుణ్ణి తామే ఎంచుకోవచ్చు. అలా ఎంచుకున్న తేదీని బట్టి, పుట్టిన తేదీ ఎక్కడా లేని పిల్లవాడి వయసు అంచనా వేయవచ్చు.

ప్రొబేట్ కన్నా మేలైనది ఆస్తి పంపకం దావా. వీలునామా లేకుండా పోయినవాడి పొలాన్ని పంచాలంటే వారసులందరినీ కక్షిదారులుగా చేర్చాలి. చనిపోయిన కొడుకు పిల్లలు, ఎక్కడో మిస్సోరీకో టెక్సాస్‌కో వెళ్ళిపోయిన కూతురు, అందరూ ఉంటారు. ఇవి చాలాచోట్ల సాధారణ సివిల్ సూచికలో కాకుండా చాన్సరీ లేదా ఈక్విటీ (న్యాయబుద్ధిని బట్టి తీర్పిచ్చే కోర్టు విభాగం) పేరుతో వేరుగా ఉంటాయి. ఆ మాటతో అడగకపోతే 'లేవు' అనే జవాబే వస్తుంది. వర్జీనియా రాష్ట్ర గ్రంథాలయం పెట్టిన చాన్సరీ సూచిక ఉచితం, చాలా కౌంటీల కాగితాల బొమ్మలు కూడా అందులోనే తెరుచుకుంటాయి. ఈ తరహా వనరుల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది దీన్నే.

కోర్టుకు పేపరుకు ముడి పడేది ఇక్కడే. రాష్ట్రం బయట ఉన్న వారసులకు సమను చేర్చలేరు కాబట్టి కోర్టు పేపర్లో ప్రకటన వేయిస్తుంది. మన పేపర్లలో లీగల్ నోటీసు లాంటిదే. అందులో ఊరూ పేరూ లేని దూరపు వారసుల జాడ ఉంటుంది. ఇంకో లాభం, ఈ నోటీసు వరసగా కొన్ని వారాలు పడుతుంది. ఒక వారం పుట మసకబారి, అచ్చును వెతకగలిగే పాఠంగా మార్చే యంత్రం చదవలేకపోయినా తర్వాతి వారం సంచికలో అదే మాట చక్కగా చదివి ఉండవచ్చు. నోటీసులో ఉన్న కోర్టు పేరు, గడువు తేదీ పట్టుకుని డాకెట్ పుస్తకం (కేసుల నమోదు పుస్తకం) తెరిస్తే కేసు నంబరు, ఆ నంబరుతో కట్ట.

భూమి దస్తావేజుల సూచికలు రెండుగా ఉంటాయి: అమ్మినవాళ్ళ పేర్లతో ఒకటి, కొన్నవాళ్ళ పేర్లతో ఒకటి. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ చూసిన అలవాటున్నవాళ్ళకు ఇది త్వరగానే పట్టుబడుతుంది. ఇబ్బంది పెట్టేది రస్సెల్ సూచిక. పెన్సిల్వేనియా వంటి చోట్ల తరచు తగులుతుంది. ఇందులో పేర్లు అకారాది క్రమంలో ఉండవు. ఇంటిపేరులో మొదటి అక్షరాన్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే ఎల్, ఎం, ఎన్, ఆర్, టీ ఐదింటిలో ఏది ముందు వస్తే ఆ విభాగానికి వెళ్ళాలి. స్మిత్‌కు ఎం, బేకర్‌కు ఆర్, సింగ్‌కు ఎన్. లేన్ అనే పేరుకు మొదటి ఎల్ లెక్కలోకి రాదు, ఎన్ చూడాలి. హ్యూస్‌లో ఈ ఐదూ లేవు కాబట్టి అది 'ఇతరాలు'లో ఉంటుంది. ఇది తెలియక ఉన్న దస్తావేజును లేదనుకుని తిరిగివచ్చేవాళ్ళు ఎందరో. 'ఎట్ ఉక్స్' అంటే భార్యతో కలిసి, 'ఎట్ అల్' అంటే ఇతరులతో కలిసి అని. 'ఎట్ అల్' అని కనిపించిన ప్రతి దస్తావేజూ తెరవాలి, వారసులందరూ కలిసి అమ్మినది అయ్యుండవచ్చు.

మాటలు కూడా మోసం చేస్తాయి. కోర్టు భాషలో 'ఇన్‌ఫంట్' అంటే పసిపాప కాదు, 21 నిండని ఎవరైనా. 'ఆర్ఫన్' అన్నంత మాత్రాన తల్లి లేదని కాదు, తండ్రి పోతే చాలు. పాత కాగితాల్లో పేరు చివర సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులనే నమ్మకం లేదు, ఒకే ఊళ్ళో ఒకే పేరున్న పెద్దా చిన్నా కావచ్చు. పేపర్లో తేదీ పక్కన 'ఇన్‌స్ట్' ఉంటే ఈ నెల, 'అల్ట్' ఉంటే పోయిన నెల. దీన్ని తప్పుగా చదివి మరణ తేదీని నెల జరిపేసిన వంశవృక్షాలు చాలా తిరుగుతున్నాయి.

పేపర్లకు మొదటి మెట్టు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు పాత పత్రికలను ఇంటర్నెట్‌లో పెట్టిన క్రానిక్లింగ్ అమెరికా. 2007 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, 2 కోట్లకు పైగా పుటలు, 1963 వరకు. అయితే అన్ని ఊళ్ళ పేపర్లూ ఉండవు. మీ కౌంటీలో ఏ పేపర్లు నడిచాయో, ఏ గ్రంథాలయంలో ఉన్నాయో వాళ్ళ పత్రికల డైరెక్టరీలో ముందు చూసుకోవాలి. యంత్రం చదివిన పాఠంలో ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎం అవుతుంది, హెచ్ బీ అవుతుంది, 1800కి ముందరి పొడవాటి ఎస్ ఎఫ్ అవుతుంది. వరుస చివర విరిగిన పేరు రెండు ముక్కలుగా ఉండిపోతుంది. అందుకని పేరుతో దొరక్కపోతే పేరు వదిలేయాలి. ఊరు, చర్చి, ఇరుగుపొరుగు ఇంటిపేరు, 'ఎస్టేట్ ఆఫ్' వంటి మాటలతో వెతికి, ఏడాదిని కుదించుకుంటూ రావాలి. పెళ్ళయిన స్త్రీ 'మిసెస్' తర్వాత భర్త పేరుతోనే ఉంటుంది, ఆమె సొంత పేరుతో వెతికితే దొరికేది తక్కువ.

బానిసత్వంలో ఉన్న కుటుంబాల విషయంలో ఈ రెండు రకాల కాగితాల విలువ మాటల్లో చెప్పలేనిది. నల్లజాతివారిలో ఎక్కువమంది పేర్లు మొదటిసారి కనిపించేది 1870 జనాభా లెక్కలోనే. అంతకుముందు వాళ్ళు యజమాని ప్రొబేట్ జాబితాలో, పశువులకూ మంచాలకూ పక్కన, ఒక్క పేరూ ఒక ధరా అయి ఉంటారు. చదవడానికి మనసు రాదు, కానీ తల్లీబిడ్డల పేర్లు ఒకే వరుసలో కనిపించేది అక్కడే. విముక్తి తర్వాత వాళ్ళే పేపర్లలో తప్పిపోయినవాళ్ళ కోసం ప్రకటనలు వేశారు: ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, తమ్ముణ్ణి ఆఖరిసారి ఎక్కడ చూశారు అని. విలనోవా విశ్వవిద్యాలయం నడిపే 'లాస్ట్ సీన్' సేకరణలో ఇవి ఉచితంగా దొరుకుతాయి. ప్రకటనలోని యజమాని పేరు పట్టుకుని ఆ కౌంటీ ప్రొబేట్‌కు వెళ్ళడం సరైన క్రమం.

పౌరసత్వ కాగితాలకు 1906 సెప్టెంబరు 27 గీత లాంటిది. అంతకుముందు అర్హత ఉన్న ఏ కోర్టయినా పౌరసత్వం ఇవ్వగలిగేది. ఒక కౌంటీలో పౌరుడు కావాలనుకుంటున్నాననే ఉద్దేశ ప్రకటన, ఇంకో కౌంటీలో అర్జీ ఉండవచ్చు, వివరాలూ తక్కువ. తర్వాతివి ఒకే నమూనాలో ఉంటాయి, పుట్టిన ఊరు కూడా రాస్తారు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన 1923 నాటి భగత్ సింగ్ థిండ్ తీర్పు గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత కొందరికి ఇచ్చిన పౌరసత్వం కూడా రద్దయింది, 1946 చట్టం దాకా దారి తెరుచుకోలేదు. కాలిఫోర్నియా ఇంపీరియల్ కౌంటీలో పంజాబీ రైతుల భూములు, పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదన్న అప్పటి చట్టాల వల్ల, కొన్నిసార్లు వేరేవాళ్ళ పేర్ల మీద ఉంటాయి, కాబట్టి మెక్సికన్ భార్య పేరుతోనూ అక్కడే పుట్టిన పిల్లల పేర్లతోనూ సూచిక చూడాలి. ఆ కౌంటీ 1907లో ఏర్పడింది. అంతకు ముందరివి శాన్ డియేగో కౌంటీలో వెతకాలి. ఏ రాష్ట్రంలోనైనా ఇదే సూత్రం, కౌంటీ పుట్టిన ఏడాది ముందు చూసుకోవాలి.

ఇంట్లో కూర్చుని చేయగలిగే పనికి ఫ్యామిలీసెర్చ్ అనే వంశ చరిత్ర వెబ్‌సైటు ఉచితం. 2024లో వచ్చిన పూర్తి పాఠ శోధన చేతిరాత దస్తావేజుల్లో సాక్షుల పేర్లు, జామీనుదారుల పేర్లు కూడా వెతికిపెడుతుంది. సూచికల్లో ఎన్నడూ ఎక్కని పేర్లివి. దీంతో పని తీరే మారిపోయింది, కానీ యంత్రం చదివినది నమ్మకుండా బొమ్మ తెరిచి చదవాలి. కొన్ని బొమ్మలు ఇంటి నుంచి తెరుచుకోవు, వాళ్ళ కేంద్రానికో అనుబంధ గ్రంథాలయానికో వెళ్ళాలి.

క్లర్కుకు రాసేటప్పుడు 'మా తాతల వివరాలు పంపండి' అంటే పని జరగదు. కోర్టు పేరు, కేసు నంబరు లేదా సంపుటం, పుట, ఏడాది రాసి, కట్ట మొత్తం నకలు కావాలని, రుసుము ఎంతో ముందు చెప్పమని అడగాలి. కట్ట అక్కడ లేదంటే రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపారేమో వెంటనే అడగాలి. కోర్టు తగలబడింది అన్నా ఆశ వదలక్కర్లేదు. తర్వాతి ఏళ్ళలో జనం తమ దగ్గరి పాత దస్తావేజులు తెచ్చి మళ్ళీ నమోదు చేయించుకునేవాళ్ళు. అందుకే అగ్నిప్రమాదం తర్వాతి పదేళ్ళ సంపుటాలు కూడా తిరగేయాలి.