చీటీ పడ్డ మత్తీయ, పడని యూస్తు

యేసును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతు పోయాక పన్నెండుమంది అపొస్తలుల్లో (యేసు ముఖ్య శిష్యుల్లో) ఖాళీ అయిన స్థానానికి యెరూషలేములో ఇద్దరి పేర్లు వచ్చాయి (అపొస్తలుల కార్యములు 1). ఒకరు బర్సబ్బా అనే యోసేపు, మారుపేరు యూస్తు. ఇంకొకరు మత్తీయ. సువార్త రాసిన మత్తయి వేరు, చాలామంది ఇక్కడే తికమకపడతారు.

అర్హతలో తేడా లేదు. యోహాను బాప్తిస్మం నాటి నుంచి యేసు ఆరోహణం దాకా ఇద్దరూ వెంట ఉన్నవాళ్లే. ప్రార్థన చేసి చీట్లు వేశారు, మత్తీయకు వచ్చింది. తమాషా ఏంటంటే, ఆ తర్వాత కొత్త నిబంధనలో గెలిచినాయన పేరూ లేదు, ఓడినాయన పేరూ లేదు!

సంప్రదాయం మాత్రం మత్తీయ వైపే మొగ్గింది. జర్మనీలోని ట్రియర్‌లో ఆయన ఎముకలున్నాయని నమ్మే మఠం ఉంది. ఫిబ్రవరి 24న ఉండే ఆయన పండుగను కేథలిక్ సభ 1969లో మే 14కి మార్చింది.

యూస్తుకు దక్కింది ఒక్క కథ. విషం తాగినా ఏమీ కాలేదని తొలినాటి క్రైస్తవ రచయిత పాపియా చెప్పినట్టు నాలుగో శతాబ్దపు క్రైస్తవ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. నన్నడిగితే కథగా యూస్తుదే బాగుంటుంది. చీటీ రాలేదని ఆయన అలిగినట్టు ఎక్కడా లేదు.