స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230, ఎనిమిదేళ్ల తర్వాత: ఔరంగాబాద్‌లో బిగించిన బండి అయితే ఏంటంట

ఆర్‌ఎస్ అంటే స్కోడా ఆక్టావియాలో స్పోర్ట్స్ రకం. 2017 చివర్లో తీసుకున్నా, ఇప్పుడు మీటర్ 1,12,000 దాటింది. నాలుగు డోర్ల బండిని స్పోర్ట్స్ కారు అంటారా అని అడుగుతుంటారు, నాకైతే స్పోర్ట్స్ కారే, 230 హార్స్‌పవర్, 350 ఎన్ఎం టార్క్, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 6.8 సెకన్లు అని కంపెనీ లెక్క, అదే బండిలో వెనక అమ్మానాన్న హాయిగా కూర్చుని విజయవాడ దాకా వస్తారు, డిక్కీ 590 లీటర్లు, పండక్కి ఊరెళ్లి బియ్యం బస్తా పచ్చడి జాడీలు వేసుకొచ్చినా ఇంకా చోటు ఉంటుంది.

బండి ఇంటికొచ్చిన రోజే మా బావగారు చుట్టూ తిరిగి చూసి ఒక మాటన్నారు. "అంతా బానే ఉంది గానీ, ఇది ఇక్కడ మహారాష్ట్రలో, ఔరంగాబాద్‌లో బిగించిందంట కదా, అసలుది చెక్ దేశంలో చేసేదంట కదా?" ఆ మాట ఎనిమిదేళ్లలో కనీసం ఇరవై మంది దగ్గర విన్నా, షోరూమ్‌లో, పెట్రోల్ బంక్‌లో, చివరికి సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే వాళ్ల దగ్గర కూడా. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ దాని గురించే రాస్తున్నా, మైలేజీ సంగతి ఎక్కడైనా దొరుకుతుంది (సిటీలో 8-9, హైవే మీద నెమ్మదిగా పోతే 14).

ధర సంగతి చూడండి. నాది ఎక్స్‌షోరూమ్ 24.62 లక్షలు. 2020లో ఆర్‌ఎస్ 245 వచ్చింది, పూర్తిగా బయట తయారై ఓడలో దిగిన బండి, 200 మాత్రమే, ధర 35.99 లక్షలు. 15 హార్స్‌పవర్ ఎక్కువ, టార్క్ 20 ఎక్కువ, గేర్‌బాక్స్ ఆరు బదులు ఏడు స్పీడ్. మంచి బండే, నేను నడిపా, కానీ 11 లక్షల 37 వేల తేడా ఆ మార్పులకే వచ్చిందంటే నేను నమ్మను, మిగతాదంతా ఎక్కడ బిగించారన్న దాంట్లోనే ఉంది. నేను కొన్న రోజుల్లో విడిభాగాల కిట్‌గా తెచ్చి ఇక్కడ బిగిస్తే డ్యూటీ 10%, ఇంజనో గేర్‌బాక్సో ముందే బిగించి తెస్తే 30%, పూర్తి బండిగా దింపితే ఎంత చవకదైనా 60%, 40,000 డాలర్లు దాటితే 100%. ఆ 60 మీద తర్వాత సర్‌చార్జ్ కలిపి 66 అయ్యింది, అక్కడితో ఆగదు, ఆ డ్యూటీ కలిపిన మొత్తం మీద అప్పట్లో జీఎస్టీ 28, సెస్ 20 పడేవి, అంటే రేవులో 100 రూపాయలున్న బండి టాక్సులయ్యేసరికి 245 రూపాయలు దాటేది, డీలర్ మార్జిన్ ఇంకా కలపలేదు. తర్వాత మన తెలంగాణ లైఫ్ టాక్స్, అప్పట్లో 14%, నాకు మూడున్నర లక్షల దాకా పడితే 245 కొన్నవాళ్లకి ఐదు లక్షలు. టాక్స్ మీద టాక్స్ కట్టి "ఇంపోర్టెడ్" అని మురిసిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా బండి లోపలికి పోలేదు.

నడపడంలో తేడా ఉందా అంటే, లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ మీద 120 లిమిట్ లోపలే ఎన్నో వందల సార్లు తిరిగా, శ్రీశైలం ఘాట్ ఎక్కా, వానలో, ఎండలో, డోర్ వేస్తే మొదటి రోజు వచ్చిన చప్పుడే ఇప్పటికీ వస్తుంది. అక్కడ ఔరంగాబాద్‌లో 2001లోనే ఆక్టావియాలు బిగించడం మొదలుపెట్టారండీ, ఏళ్ల తరబడి అదే పని చేసిన చేతులవి.

ఇక్కడ బిగించడం వల్ల అసలు లాభం స్పేర్స్‌లో తెలుస్తుంది. మామూలు ఆక్టావియాలు ఇక్కడ బోలెడు తిరిగాయి కాబట్టి బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, సస్పెన్షన్ సామాను నాకెప్పుడూ రెండు మూడు రోజుల్లో దొరికేవి. రెండో వానాకాలంలో నార్సింగి సర్వీస్ రోడ్డులో నీళ్లు నిండిన గుంత చూసుకోకుండా దింపేశా, తప్పు నాదే, అల్లాయ్ వీల్ వంగింది, అది ఆర్‌ఎస్‌కి మాత్రమే వచ్చే వీల్ కాబట్టి ఐదు వారాలు ఆగాల్సి వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకతనిది వేరే కంపెనీ బండి, పూర్తిగా ఇంపోర్ట్, చిన్న గుద్దుడుకి ముందు బంపర్ కోసం మూడు నెలలు క్యాబ్‌లో ఆఫీసుకెళ్లాడు. కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ అడగరు, ఎక్కడ తయారైందని అడిగి గొప్ప చూస్తారు గానీ పార్టు ఎక్కణ్ణుంచి వస్తుందని అడగరు.

రీసేల్ మాత్రం నేను అనుకున్నదానికి పూర్తిగా తిరగబడింది. లోకల్ అసెంబ్లీ కాబట్టి పడిపోతుందన్నారు, 245 ధర బయటికొచ్చిన వారంలోనే నాకు నలుగురు ఫోన్ చేశారు అమ్ముతారా అని. 2023లో మామూలు ఆక్టావియా కూడా ఇక్కడ ఆగిపోయింది. 2025 అక్టోబర్‌లో కొత్త ఆర్‌ఎస్ వచ్చింది, 265 హార్స్‌పవర్, మళ్లీ ఇంపోర్టే, 100 బండ్లు, 49.99 లక్షలు, అన్నీ అయిపోయాయి. అంటే ఇష్టపడేవాళ్లు లేక కాదు. నేను కొన్నప్పుడు జీతం మీద లోన్ పెట్టుకుని కొనగలిగా, నాతో పాటు తీసుకున్న ఇద్దరు కూడా ఉద్యోగస్తులే, ఇప్పుడు అదే పేరున్న బండి అదే ఉద్యోగంలో ఉన్న కుర్రాడు తలెత్తి చూడలేడు. పేరు అదే, డిజైన్ ఆ కంపెనీదే, బిగించే చోటు మారేసరికి కొనే మనుషులే మారిపోయారు.

ఎవరైనా ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో 230 చూస్తుంటే ఆగకుండా చూడండి, డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ 60,000 కిలోమీటర్లకి ఒకసారి మార్చిన బిల్లు ఉందా, కింద బంపర్ పెదవి ఎంత గీసుకుపోయింది, నాలుగు అల్లాయ్‌లు గుండ్రంగా ఉన్నాయా, ఇవి చూసుకుంటే చాలు. నాది అమ్మట్లేదు, 1,20,000కి ఆయిల్ మార్పు ఉంది, అది చేయించి సంక్రాంతికి మళ్లీ ఊరెళ్తా.