వారానికి ఏడు సినిమాలా, రెండేనా: ఏది మేలు?

ఈమధ్య రెండు వారాలు పనిగట్టుకుని రెండు రకాలుగా గడిపాను. మొదటి వారం రోజుకో సినిమా, మొత్తం ఏడు, అన్నీ ఇంట్లోనే. రెండో వారం రెండే సినిమాలు: ఒకటి థియేటర్లో, ఇంకొకటి ఇంట్లో, అదీ రెండుసార్లు. మిగతా తీరిక వేళల్లో పాటలు, ఒక సినిమా బీజీఎం (నేపథ్య సంగీతం), ఒక రేడియో నాటకం, ఒక సిరీస్‌లో రెండు ఎపిసోడ్లు, కాస్త చదువు. మొదటి వారానికి దాదాపు పదిహేను గంటలు పట్టింది, రెండో దానికి పన్నెండు. రెండు వారాలూ పడుకునే ముందు ఒక నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకున్నాను. ఏ వారం మేలంటే రెండోదే అంటాను. అయితే మొదటి వారం వల్ల దక్కింది కూడా ఉంది, దాన్ని ముందు చెప్పాలి.

ఏడు సినిమాల వారం

ఒకదాని వెనక ఒకటి చూస్తుంటే సినిమాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెడతాయి. సోమవారం చూసినదాంట్లో అసలు రహస్యం ప్రేక్షకుడికి ముందే తెలుసు, కథానాయకుడికే తెలియదు. గురువారం చూసినదాంట్లో ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. రెండూ నేర కథలే, రెండింట్లోనూ ఒక మనిషి ఒక ఇంట్లోకి అడుగుపెట్టే సీన్ ఉంది. మొదటిదాంట్లో వద్దు, వెళ్లొద్దు అని మనసు కొట్టుకుంది. రెండోదాంట్లో ఆ భయమే లేదు, తలుపు తెరుచుకున్నాక ఉలిక్కిపడ్డాను, అంతే. మూడు రోజుల తేడాలో చూశాను కాబట్టి ఆ రెండు పద్ధతులూ పక్కపక్కనే పెట్టి చూడగలిగాను. ఆరు నెలల తేడాలో చూసి ఉంటే ఇది తట్టేది కాదు.

కానీ నోటుపుస్తకం ఇంకో సంగతి కూడా చెప్పింది. మొదటి రోజు పేజీ నిండా రాశాను. నాలుగో రోజుకు మూడు వాక్యాలు. ఆరో రోజు సినిమా పేరు, దాని కింద “బాగుంది” అన్న ఒక్క మాట. ఆదివారం కూర్చుని వెనక్కి తిప్పి చదువుకుంటే, బుధవారం సినిమా ఎలా ముగిసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సినిమాలో లోపం లేదు. అది అయిపోయేసరికి రాత్రి పదకొండున్నర, వెంటనే నిద్ర, పొద్దున్నే పని, సాయంత్రానికి ఇంకో కథ. చూసినది మనసులో నానడానికి ఒక్క పూట కూడా ఇవ్వలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. వందలమంది నెలల తరబడి కష్టపడి చేసిన పనికి నేనిచ్చినది “బాగుంది” అన్న మాటా!

ఇంకో నష్టం, తొందర. వారం మధ్యకొచ్చేసరికి లెక్క పూర్తిచేయాలన్న పట్టుదలతో ఒక సినిమాను ఒకటిన్నర రెట్ల వేగంతో చూశాను. నూట యాభై నిమిషాలది వంద నిమిషాల్లో అయిపోయింది. మాటలు అర్థమయ్యాయి, కథా తెలిసింది. కానీ నటి జవాబు చెప్పే ముందు నాలుగు సెకన్లు ఆగితే నాకు మూడు సెకన్లు కూడా దక్కలేదు. నిమిషానికి 90 దరువులుండే పాట 135 దరువులతో పరుగెత్తింది. ఎడిటర్ ఒక్కో ఫ్రేమ్ లెక్కపెట్టుకుని వదిలిన ఆ విరామాన్ని కోసేస్తే మిగిలేది కథ సారాంశమే. ఏ సినిమానూ మళ్లీ అలా చూడను.

థియేటరా, ఇల్లా?

ఈ వాదన సినిమా అంత పాతది. ఎడిసన్ కంపెనీ కైనెటోస్కోప్ 1894లో న్యూయార్క్‌లో జనానికి అందుబాటులోకి వచ్చింది. అదొక పెట్టె. పైనున్న రంధ్రంలోంచి ఒక్కొక్కరే వంగి చూడాలి. మరుసటి ఏడాది, 1895 డిసెంబర్ 28న, ప్యారిస్‌లోని ఒక కెఫేలో లూమియెర్ సోదరులు బొమ్మను తెర మీదికి తెచ్చారు. ఒక్కోటీ నిమిషం లోపు ఉండే పది చిత్రాలను జనం కలిసి కూర్చుని చూశారు. చేతిలోని ఫోన్లో ఒంటరిగా సినిమా చూడటమంటే, ఒక రకంగా, ఆ పెట్టె దగ్గరికి తిరిగి వెళ్లడమే. పెట్టె తప్పని అనను. రెండూ వేరు అనుభవాలు, ఏ సినిమాను ఎందులో చూడాలన్నదే తేల్చుకోవాల్సింది.

చాలామంది పాటించే పద్ధతి ఇదీ: యుద్ధాలూ పేలుళ్లూ ఉన్నవి థియేటర్లో, మెల్లగా సాగే చిన్న సినిమాలు ఇంట్లో. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. ఇప్పుడు దానికి సరిగ్గా ఎదురు చెబుతాను. మెల్లగా సాగేవాటికే థియేటర్ ఎక్కువ అవసరం. భారీ పోరాటం ఇంట్లో చూసినా మనల్ని కుర్చీలో కట్టిపడేస్తుంది. ఆ పని శబ్దం, వేగం చూసుకుంటాయి. నిశ్శబ్దం మీద నిలబడ్డ సినిమాకు ఆ ఆసరా లేదు, దానికి మన ఓపికే ఆధారం. బెల్జియం దర్శకురాలు షాంటల్ అకెర్మన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మన్’ 201 నిమిషాలు నడుస్తుంది. ఒక గృహిణి మూడు రోజుల దినచర్య, బంగాళాదుంపల తొక్కు తీయడం వంటి పనులతో సహా, కదలని కెమెరాతో సుదీర్ఘమైన షాట్లలో. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగ్‌లో అదే మొదటి స్థానంలో నిలిచింది. అలాంటిదాన్ని పాజ్ బటన్ చేతిలో పెట్టుకుని చూస్తే పది నిమిషాలకోసారి లేస్తాం. లేచిన ప్రతిసారీ ఆమె పనుల లయ తెగిపోతుంది; ఆ లయలో ఒక చిన్న పొరపాటు జరిగితే గుండె ఝల్లుమనాల్సిన చోట మనకు ఏమీ అనిపించదు. చీకటి, తలుపులు వేసిన హాలు, పక్కన కదలకుండా కూర్చున్న మనుషులు, ఇవన్నీ మన ఓపికకు సాయం చేస్తాయి.

రెండో వారం నేను థియేటర్‌కి ఎంచుకున్నది ఇలాంటి మౌనం ఎక్కువున్న సినిమానే. హాల్లో సగం సీట్లు ఖాళీ. ఒక చోట దాదాపు నిమిషం పాటు ఎవరూ మాట్లాడరు, గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. ఆ నిమిషంలో హాలు మొత్తం ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. అది ఇంట్లో ఎప్పుడూ దొరకలేదు నాకు.

హాస్య చిత్రాలదీ ఇదే దారి. అమెరికా హాస్య నటులు మార్క్స్ బ్రదర్స్ 1935లో వచ్చిన తమ చిత్రంలోని హాస్య ఘట్టాలను తీయడానికి ముందే ఊరూరా తిరిగి రంగస్థలం మీద ప్రదర్శించారు. ఏ మాటకు జనం ఎంతసేపు నవ్వుతారో చూసుకుని, షూటింగ్‌లో ఆ నవ్వుకు సరిపడా చోటు వదిలారు. ఒక్కరమే చూస్తే ఆ ఖాళీలు నస పెట్టినట్టుంటాయి, అందరి మధ్య చూస్తే నవ్వుతో నిండిపోతాయి.

ఇంటి వైపు చెప్పుకోవాల్సినది పునర్దర్శనం. రెండోసారి చూడటానికి ఇల్లే మేలు, అందులో అనుమానం లేదు. వెనక్కి తిప్పొచ్చు, ఒక షాట్ దగ్గర ఆపి ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడొచ్చు. కాకపోతే టీవీని ముందు దారిలో పెట్టుకోవాలి. సినిమా సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. చాలా టీవీలు మధ్యలో లేని ఫ్రేములను తామే పుట్టించి కదలికను నునుపు చేస్తాయి, దాంతో సినిమా కాస్తా స్టూడియో వీడియోలా కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ స్మూతింగ్‌ను ఆపేయండి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉన్న టీవీ అయితే అది ఆన్ చేస్తే చాలు. 2019లో ప్రకటించిన ఆ మోడ్ ఉద్దేశమే ఇలాంటి మార్పులన్నిటినీ పక్కన పెట్టడం.

మాటలు వినపడవు, పాట రాగానే చెవులు పగులుతాయి అన్నది ఇంకో ఫిర్యాదు. 5.1 సౌండ్‌లో ఎదురుగా మూడు స్పీకర్లు, చుట్టూ రెండు, బరువైన శబ్దాలకు విడిగా ఒకటి ఉంటాయి. మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్లోంచే వస్తాయి. ఇంట్లో ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి ఇదంతా కుదిస్తే నలిగిపోయేది ఆ మాటే. ఆడియో మెనూలో 5.1 బదులు స్టీరియో ఎంచుకుంటే చాలావరకు నయమవుతుంది. నైట్ మోడ్ ఉంటే అదీ వాడొచ్చు, కానీ అది పెద్ద శబ్దాన్నీ చిన్న శబ్దాన్నీ దగ్గరికి లాగుతుంది కాబట్టి మొదటిసారి చూసేటప్పుడు నేను వాడను.

పాటలు ముందు వినాలా, చూశాక వినాలా?

పాటల విషయంలో నేను ముందు వినడం వైపే. పల్లవి నోటికొచ్చాక తెర మీద ఆ పాట వస్తే పాత స్నేహితుడు ఎదురైనట్టుంటుంది, పైగా చరణాల మధ్య సంగీతానికి దర్శకుడు ఏ బొమ్మలు పేర్చాడో గమనించే వీలుంటుంది. బీజీఎం మాత్రం చూశాకే వినాలి. ‘సైకో’ సినిమా సంగతి తీసుకోండి. స్నానాల గది హత్యకు సంగీతమే వద్దన్నారు దర్శకుడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ అయినా రాసి వినిపించారు, విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నారు. ఆ సినిమా సంగీతమంతా తీగ వాద్యాలతోనే. సినిమా చూసి, రెండు రోజులాగి, కళ్లు మూసుకుని ఆ సంగీతం ఒక్కటే వింటే కత్తిలా దూసుకొచ్చే ఆ స్వరాల మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. చూడకుండా వింటే అవి ఉత్త కీచు శబ్దాలు.

అదే సినిమా 1960లో విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ పట్టుబట్టారు. సినిమా మీద వచ్చే పాడ్‌కాస్టులకూ విశ్లేషణలకూ నేను ఆ నియమాన్నే వర్తింపజేస్తాను, తిరగేసి: ఆట పూర్తయ్యే దాకా అవేవీ నా చెవిలో పడకూడదు. మొదటి వారం నడకలో పాడ్‌కాస్టులు ముందే విన్నాను. సినిమా చూస్తున్నంతసేపూ వాళ్లు చెప్పింది ఎక్కడ వస్తుందా అని వెతకడమే సరిపోయింది.

రెండో వారం ఆ నడక వేళను రేడియో నాటకానికి ఇచ్చాను, అది మంచి మార్పిడి. అమెరికా నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్ బృందం 1938 అక్టోబర్ 30న సీబీఎస్ రేడియోలో వినిపించిన గ్రహాంతరవాసుల దాడి నాటకాన్ని సగానికి పైగా వార్తా ప్రసారంలా నడిపారు. మామూలు సంగీత కార్యక్రమం, దానికి అడ్డు తగిలే ప్రకటన, మళ్లీ సంగీతం. ఒక చోట విలేకరి గొంతు మాట మధ్యలో తెగిపోయి ఏమీ వినపడదు. అంతకన్నా భయపెట్టే బొమ్మ ఏ తెర మీదా పడదనిపించింది. మూడేళ్లకు వచ్చిన వెల్స్ తొలి సినిమాలో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడేలా పేర్చడం వంటివి ఈ రేడియో పనితనమే. నాటకం విన్న మర్నాడు ఇంట్లో సినిమా రెండోసారి చూస్తుంటే అడుగుల చప్పుడు, గిన్నె కింద పెట్టిన చప్పుడు విడివిడిగా వినపడ్డాయి. చెవి పదునెక్కింది.

ఆ రెండోసారి చూడటంలో దొరికిందొకటి చెప్పాలి. తల్లీ కొడుకూ మాట్లాడుకునే ప్రతి సీన్‌లోనూ ఇద్దరి మధ్య ఏదో ఒకటి అడ్డుగా ఉంది: తలుపు రెక్క, కిటికీ ఊచ, కుర్చీ వీపు. చివరి సీన్‌లో ఏమీ లేదు. మొదటిసారి ఆ చివరి సీన్‌కి ఏడ్చాను, ఎందుకో తెలియలేదు. రెండోసారి తెలిసింది, అయినా ఏడ్చాను. కొత్త సినిమా ఒకటి వదులుకున్నందుకు ఇది చాలా పెద్ద ప్రతిఫలం.

సిరీస్ గురించి ఎక్కువ చెప్పను. యాభై నిమిషాల ఎపిసోడ్లు ఎనిమిదంటే దాదాపు ఏడు గంటలు, మూడు సినిమాల కాలం. 2013లో నెట్‌ఫ్లిక్స్ ఒక సిరీస్‌లోని పదమూడు ఎపిసోడ్లనూ ఒకే రోజు వదిలిన దగ్గర్నుంచీ ఒక్క ఊపులో చూసే అలవాటు బాగా పెరిగింది. నా మట్టుకు రెండు రోజులకొకటి చాలు. పుస్తకమా, దాని సినిమానా అంటే సినిమానే ముందు. నవల చదివి వెళితే తెర మీద లేనివాటినే లెక్కపెట్టుకుంటాం. సినిమా చూసి నవల తెరిస్తే అదే ఇల్లు ఇంకా గదులతో ఎదురవుతుంది.

ఏడు సినిమాల వారానికి నేనిప్పటికీ ఒక్క సందర్భంలో ఓటేస్తాను: ఒకే దర్శకుడి సినిమాలు, తీసిన వరుసలో. ఉదాహరణకు జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు. కెమెరా నేలకు దగ్గరగా ఉంటుంది, చివరి దశ సినిమాల్లో దాదాపు కదలదు. పెళ్లీడుకొచ్చిన కూతురు, ఒంటరిగా మిగిలే తండ్రి, అవే గదులు, అవే నడవలు. విడివిడిగా చూస్తే ఒకేలా ఉన్నాయే అనిపించొచ్చు. వరుసగా చూస్తే ప్రతి చిన్న మార్పూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1958లో ఆయన మొదటిసారి రంగుల్లో తీసినప్పుడు ఇంట్లో ఒక ఎర్ర కెటిల్ పెట్టారు. ఐదు రోజులు ఆ ఇళ్లను నలుపు తెలుపుల్లో చూసి, ఆరో రోజు సాయంత్రం ఆ కెటిల్ దగ్గరికి వస్తే కళ్లు దాని మీద నుంచి కదలవు.