ఈపీఆర్ రిటర్నుల సాఫ్ట్‌వేర్: మూడేళ్లు వాడాక

కాటేదాన్‌లో పచ్చళ్లు, మసాలా పొడులు తయారుచేసే మధ్య తరహా కంపెనీలో లెక్కలు చూస్తాను. ఈపీఆర్ అంటే, ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మే కంపెనీయే ఆ ప్లాస్టిక్ చెత్తను సేకరించి శుద్ధి చేయించాలనే బాధ్యత. దాని రిటర్నుల కోసం నగరంలోని ఒక కన్సల్టెన్సీ దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. పేరు రాయడం లేదు. ఈ రకం సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి.

ముందుగా ఇది ఎవరికి అక్కర్లేదో చెబుతాను. సొంత బ్రాండుతో అమ్మేవారిలో సూక్ష్మ, చిన్న సంస్థలకు 2022 ఫిబ్రవరి మార్గదర్శకాల ప్రకారం ఈ బాధ్యత లేదు. మీ సంస్థ సూక్ష్మమో, చిన్నదో, మధ్య తరహాదో చెప్పే ఉద్యమ్ సర్టిఫికెట్ చూసుకోకుండా కన్సల్టెంట్ల చుట్టూ తిరగకండి. మా సరుకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో అమ్ముడవుతుంది. రెండు రాష్ట్రాలు దాటితే సనత్‌నగర్‌లోని రాష్ట్ర మండలి కాదు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గరే నమోదు. ఏటా జూన్ 30లోగా అంతకుముందు ఆర్థిక సంవత్సరపు లెక్క చూపాలన్నది నిబంధన.

సాఫ్ట్‌వేర్ అమ్మేటప్పుడు "బిల్లులు అప్‌లోడ్ చేయండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మిగతాదే అసలు పని. ప్రభుత్వానికి కావలసింది టన్నులు. జార్ల బిల్లులో ఉండేది నగాలు. పౌచ్ రోళ్లు కిలోల్లో వస్తాయి, మూతలు సంచుల లెక్కన, లేబుళ్లు వేలల్లో. వీటన్నిటినీ బరువుకు మార్చడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక పట్టిక ఉంది. దాన్ని నింపాల్సింది మనమే. సరఫరాదారు ఇచ్చే కాగితం మీది బరువును నమ్మకండి. జారుకు ఒక్క గ్రాము తేడా వస్తే పది లక్షల జార్లకు ఒక టన్ను. ఆ టన్నుకు కూడా, అంత చెత్తను శుద్ధి చేశామని ప్రాసెసర్లు (ప్లాస్టిక్ చెత్తను శుద్ధి చేసే యూనిట్లు) ఇచ్చే సర్టిఫికెట్ కొనాలి! అందుకే ప్రతి కొత్త లాటు నుంచి కొన్ని జార్లు తీసి, మూత విడిగా, జారు విడిగా నాణ్యత విభాగం తూకంపై పెట్టిస్తున్నాం. గోదాములో మొదట నవ్వుకున్నారు. ఇప్పుడు నేను అడగకముందే తూకం చీటీ పంపుతున్నారు.

సాఫ్ట్‌వేర్ బాగా చేసే పని ఒకటుంది: వర్గీకరణ. జార్లు, మూతలు మొదటి వర్గం. ప్లాస్టిక్ పొరలు మాత్రమే ఉన్న పౌచ్ రెండో వర్గం. మధ్యలో అల్యూమినియం రేకు ఉంటే మూడోది. మసాలా పొడులకు మేం ఈ రెండు రకాల పౌచ్‌లూ వాడతాం, పైకి చూస్తే తేడా తెలియదు. ప్రతి రకం ప్యాకింగ్‌కు ఒక కోడు ఇచ్చి, పొరల వివరం ఒకసారి నమోదు చేస్తే ఆ కోడుతో వచ్చే ప్రతి బిల్లునూ అదే సరైన వర్గంలో వేస్తుంది. సరఫరాదారు జీఎస్టీ నంబరు తప్పుంటే ఎర్రగా చూపిస్తుంది. ఎక్సెల్‌లో ఇదంతా చేసిన వారికి దీని విలువ తెలుస్తుంది.

నచ్చనిది సర్టిఫికెట్ల సేవ. 2023-24 నుంచి లెక్క చూపిన ప్లాస్టిక్‌లో నూటికి నూరు శాతానికీ బాధ్యత ఉంది. అందులో 2025-26కు మొదటి వర్గంలో కనీసం 60 శాతం, రెండు, మూడు వర్గాల్లో 40 శాతం రీసైక్లింగ్ రూపంలోనే చూపాలి. సిమెంటు బట్టీలో కాల్చినది ఆ కనీస వాటా కిందికి రాదు. ఏది ఎంత కొనాలో కన్సల్టెన్సీ చెబుతుంది, బేరమూ తానే ఆడుతుంది, కమీషనూ తీసుకుంటుంది. సర్టిఫికెట్ అమ్మే యూనిట్ ఏదని అడిగితే సమాధానానికి వారం పట్టేది. కొందరు ప్రాసెసర్లు నకిలీ సర్టిఫికెట్లు లక్షల్లో పుట్టించారని కేంద్ర మండలి తనిఖీల్లో 2023లోనే బయటపడింది. ఆ సంగతి తెలిసి కూడా యూనిట్ పేరు అడగకుండా డబ్బు కట్టడం నా వల్ల కాదు. ఇప్పుడు ప్రాసెసర్లతో నేనే మాట్లాడి, వాళ్ల ప్లాంటు సామర్థ్యం చూసుకుని కొంటున్నాను.

చందా ఏడాదికి ఒక జూనియర్ అకౌంటెంట్ రెండు నెలల జీతమంత. పది, పదిహేను రకాల ప్యాకింగ్ ఉన్నవారికి దండగ, ఎక్సెల్ చాలు. మాలా వందకు పైగా కోడులుంటే గిట్టుబాటే. మార్చిలో గడువు ముగుస్తుంది. సర్టిఫికెట్ల సేవ తీసేసి, వర్గీకరణ, బిల్లుల భాగానికి మాత్రమే మళ్లీ కడతాను.