వెలావదర్: గడ్డి చూడ్డానికి గుజరాత్ దాకా

మా నాన్న అనంతపురం జిల్లా రైతు. డిసెంబరులో ఆయన్ను వెలావదర్ కృష్ణజింకల పార్కుకు తీసుకెళ్తే గేటు దాటగానే అడిగాడు: "ఏమిరా, బీడు చూసేకి ఇంత దూరం పిల్చుకొస్తివా?"

చూపు ఆనినంత మేరా ఎండుగడ్డే. భావ్‌నగర్ జిల్లాలో, భాల్ అనే చదునైన ఉప్పునేలల్లో 34 చదరపు కిలోమీటర్ల మైదానం ఇది. ఒకప్పుడు భావ్‌నగర్ మహారాజులు చీతాలను ఉసిగొలిపి కృష్ణజింకలను వేటాడిన చోటు. 1976లో జాతీయ పార్కు అయింది. అహ్మదాబాద్ నుంచి కారులో మూడు గంటలు పట్టింది.

మొదటి రాత్రి భావ్‌నగర్‌లో హోటల్ తీసుకోవడం మేం చేసిన తప్పు. అక్కడి నుంచి పార్కుకు గంట ప్రయాణం. ఉదయం ఐదుకల్లా టిఫిన్ కట్టిస్తామన్నారు. తీరా దిగి చూస్తే కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. అలా పార్కులో తిరిగే పొద్దుటి రౌండు పోయింది. ఉదయం, సాయంత్రం రెండే రౌండ్లు కాబట్టి ఒకటి పోతే సగం యాత్ర పోయినట్టే. అందుకే రెండో రాత్రికి గేటు దగ్గరే ఉన్న అటవీశాఖ వారి కాళియార్ భవన్‌కు మారాం. గది మామూలుదే, కానీ శుభ్రంగా ఉంది. వేడివేడి సజ్జరొట్టె, కాల్చిన వంకాయ కూర పెట్టారు. మన పచ్చడికి దగ్గరగా ఉందని నాన్న రెండోసారి వడ్డించుకున్నాడు.

సాయంత్రం రౌండుకు మా అద్దె కారులోనే వెళ్లనిచ్చారు. గైడ్ మాత్రం తప్పనిసరి, కారు దిగకూడదు. గైడ్ కుర్రాడు చుట్టుపక్కల ఊరివాడే, ఓపికగా చెప్పాడు. జింకల కోసం వెతకాల్సిన పనే లేదు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలికలు తిరిగిన కొమ్ములతో ఒక ఇర్రి (మగ జింక) మా దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. వెనక లేళ్ల గుంపు. ఏదో అలికిడికి ఒకదాని వెనక ఒకటి గాల్లోకి లేచాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. అయినా ఇన్నింటిని ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు.

కానీ నన్ను కట్టిపడేసింది జింకలు కాదు, హారియర్లు. మన పాతవాళ్లు పిల్లిగద్దలనేవారు. చలికాలానికి మధ్య ఆసియా వైపు నుంచి వచ్చి, పగలంతా చుట్టూ పొలాల మీద మిడతలు పట్టుకుని తింటాయి. పొద్దుగూకే వేళకు ఇక్కడికి చేరి, చెట్టెక్కకుండా గడ్డిలోనే నేల మీద నిద్రపోతాయి. సూర్యుడు ఎర్రబడుతుంటే నాలుగు వైపుల నుంచీ తక్కువ ఎత్తులో తేలుతూ వచ్చాయి. వంద దాకా లెక్కపెట్టి ఆపేశాను. మిడతలను తింటాయని గైడ్ చెప్పినప్పటి నుంచి నాన్నకు వాటి మీద గౌరవం పెరిగింది.

మర్నాడు పొద్దున మంచులో జింకలన్నీ మేత ఆపి ఒకేవైపు తల తిప్పి నిలబడ్డాయి. "తోడేలు ఉందిరా ఆ పక్క" అన్నాడు నాన్న. గొర్రెల మంద కూడా అట్లే నిలబడుతుందట. గైడ్ బైనాక్యులర్స్ తిప్పాడు. నిజంగానే గడ్డి మధ్య బూడిదరంగు వీపు ఒకటి కదిలి, రెండు నిమిషాల్లో మాయమైంది. గైడ్ నాన్నకు చేతులెత్తి దండం పెట్టాడు.

వెళ్లాలనుకునేవాళ్లు డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి; జూన్ మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా పార్కు మూసేస్తారు. పులి కనిపించే అడవి కావాలంటే ఇది మీకు నచ్చకపోవచ్చు. ఒక్క రౌండుకే వీలైతే సాయంత్రమే ఎంచుకోండి. బైనాక్యులర్స్ మర్చిపోవద్దు. పెద్దవాళ్లుంటే శాలువా కూడా. పొద్దున అక్కడి చలి మా నాన్నను బాగా ఇబ్బంది పెట్టింది.